సేవాగ్రామము బడి మనకు చెప్పు పాఠము

మన నేతవాడలలో ఇప్పుడు ఏ ఇంటికి పోయినను పిల్లల చదువు మాట రాకుండ ఉండదు. సోలాపూరు, భివండి, దొడ్డబళ్ళాపురము, సేలము, కాంచీపురము, బరంపురము, యానాము, ఊరు ఏదైనను తలిదండ్రులు చెప్పు మాట ఒక్కటే: “మా బ్రతుకు మా బిడ్డకు వద్దు.” ఈ మాటను మేము తప్పు పట్టబోము. 2019-20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో 31 లక్షలకు పైబడిన కుటుంబములు నేతపని మీద, దాని అనుబంధపు పనుల మీద బ్రతుకుచున్నవి. వానిలో మూడింట రెండు వంతుల కుటుంబములకు నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోపే. ఆ కష్టము తెలిసిన తల్లి తన బిడ్డను మగ్గపు గుంటలో దింపుటకు వెనుకాడినచో ఆమెను నిందించు హక్కు ఎవరికిని లేదు.

అయితే బడికి పోయిన బిడ్డ అక్కడ నేర్చుకొనునది ఏమి అని గూడ మనము అడుగవలసి ఉన్నది. అక్షరములు నేర్చును, లెక్కలు నేర్చును, మంచిదే. దానితోపాటు, ఎవరును నోటితో చెప్పకుండగనే, చేతిపని చేయువాడు తక్కువవాడు అను భావమును గూడ నేర్చుకొని వచ్చును. పదవ తరగతికి వచ్చునాటికి తండ్రి మగ్గము నేయుచున్నాడని స్నేహితులకు చెప్పుటకు సిగ్గుపడును. ఆ తరువాత ఉద్యోగము దొరికినచో సరి; దొరకనిచో అటు ఆఫీసుకును చెందడు, ఇటు మగ్గమునకును చెందడు. బడికి మగ్గము పనికిమాలినదిగా కనిపించును. మగ్గమునకు బడి చేతిసాయమును లాగుకొనిపోవు దానిగా కనిపించును. నలిగిపోవునది మధ్యనున్న బిడ్డ.

ఈ రెంటికిని పొత్తు కుదిర్చి, పిల్లల చేతికి నిజమైన బాధ్యత ఇచ్చి, ఊరిని తోడు చేసికొని నడచిన బడి ఏదైనను ఉన్నదా? ఉన్నది. అది మన సోలాపూరు, భివండి సోదరులున్న మహారాష్ట్రలోనే, వార్ధా పట్టణమునకు సమీపమున సేవాగ్రామములో ఉన్నది. ఆ బడి నడచిన తీరు, దాని పద్ధతి దెబ్బతిన్న చోటు, అందులో మన పేటలకు అక్కరకు వచ్చు సంగతులు పాఠకుల ముందుంచుట ఈ వ్యాసము ఉద్దేశము.

నూలుపోగుతో మొదలైన చదువు

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన ఒక విద్యాసభ జరిగినది. అప్పుడే రాష్ట్రములలో అధికారమునకు వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వముల విద్యామంత్రులు గూడ వచ్చినారు. ఆ సభ నాలుగు విషయములు నిర్ణయించినది. దేశమందలి పిల్లలందరికిని ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్య ఉండవలెను. అది మాతృభాషలో జరుగవలెను. చదువంతయు ఫలమునిచ్చు ఒక చేతిపని చుట్టును అల్లుకొనవలెను. క్రమముగా ఆ పని రాబడితో ఉపాధ్యాయుల జీతములు గడచునట్లు కావలెను. పాఠ్యక్రమము తయారుచేయు పనిని డాక్టరు జాకిర్ హుస్సేను అధ్యక్షులుగా ఒక సంఘమునకు అప్పగించినారు. వీరే తరువాత 1967లో రాష్ట్రపతి అయినారు. సంఘము ఆ సంవత్సరము డిసెంబరులోనే నివేదిక నిచ్చినది.

ఆ నివేదికలోని దినచర్యను చూచినచో మన నేతవారికి ఆశ్చర్యము కలుగక మానదు. బడి వేళ మొత్తము 5 గంటల 30 నిమిషములు. అందులో 3 గంటల 20 నిమిషములు చేతిపనికే. మాతృభాషకు 40 నిమిషములు, సంగీతము, చిత్రలేఖనము, లెక్కలకు కలిపి 40 నిమిషములు, సాంఘిక శాస్త్రము, సామాన్య శాస్త్రములకు 30, వ్యాయామమునకు 10, విరామమునకు 10. “ఇంత సేపు పని చేయించిన ఇక చదువెప్పుడు?” అని అడుగువారు అప్పుడును ఉన్నారు, ఇప్పుడును ఉందురు. దానికి వారిచ్చిన సమాధానము, చదువు ఆ పనిలోనే ఉన్నదని. చేతిలోని దూది ఏ నేలలో పండినది అన్నచో భూగోళము. మన దేశపు నేత ఎట్లు వెలిగినది, మిల్లుబట్ట వచ్చి ఎట్లు కుదేలైనది అన్నచో చరిత్ర. వానకాలములో ఒక తీరుగ, ఎండకాలములో ఒక తీరుగ నూలు ఎందుకు తెగును అన్నచో విజ్ఞాన శాస్త్రము.

1938లో ఈ పని కొరకు హిందూస్థానీ తాలీమీ సంఘము ఏర్పడి సేవాగ్రామములో బడి నడపసాగినది. సింహళమునుండి వచ్చిన ఇ. డబ్ల్యు. ఆర్యనాయకముగారు, ఆయన భార్య, బెంగాలీ వనిత ఆశాదేవిగారు దానికి ప్రాణము పోసినవారు. ఇరువురును అంతకుముందు శాంతినికేతనములో పనిచేసినవారే. ఈ విద్యకు నయీ తాలీము, అనగా క్రొత్త చదువు, అని పేరు. 1945లో గాంధీజీ దాని హద్దును ఇంకను పెంచి, ఏడేండ్ల లోపు పసిపిల్లలు, ఏడు మొదలు పదునాలుగేండ్ల వారు, ఆపైని యువకులు, తలిదండ్రులు అందరును ఆ చదువులోనివారే అన్నారు.

లెక్క మగ్గము మీదనే ఉన్నది

చేతిపనిలో లెక్కలున్నవి అనుట మనకు క్రొత్త సంగతి కాదు. ఆసు పోయు అవ్వకు తెలిసిన లెక్క ఎనిమిదవ తరగతి పిల్లవానికి తెలియదని మనము చాలసార్లు నవ్వుకొనియుందుము. ఆ లెక్కను బడి భాషలో ఒకసారి వ్రాసి చూతము.

ఒక బట్ట 42 అంగుళముల వెడల్పు. అంగుళమునకు 60 పోగులు. పడుగు 20 గజములు. మొత్తము పోగులెన్ని? 42ను 60తో హెచ్చవేయగా 2,520. నూలు ఎన్ని గజములు? దానిని 20తో హెచ్చవేయగా 50,400. ఒక చిలప 840 గజములు గనుక చిలపలెన్ని? సరిగ్గా 60. నూలు నెంబరు అనగా ఒక పౌనుకు ఎన్ని చిలపలు తూగునో ఆ సంఖ్య. కనుక 60వ నెంబరు నూలైనచో పడుగుకు ఒక పౌను చాలును; అనగా సుమారు 454 గ్రాములు. ఇది తరుగు చూడక చెప్పిన లెక్క. తరుగునకు నూటికి ఐదు కలుపుకొమ్మన్నచో పిల్లవాడు శాతములు గూడ నేర్చుకొనును. 40వ నెంబరు వేసినచో ఎంత కావలెను అన్నచో త్రైరాశికము. పేకకు ఎంత, కూలి ఎంత, బట్ట ఏ ధరకు అమ్మిన గిట్టును అని అడుగుచు పోయినచో వాణిజ్య గణితమంతయు వచ్చును.

సేవాగ్రామములో జరిగినది ఇదియే. తకిలి మీద ఎన్ని గజములు వడికినది, నూలు నెంబరెంత, వ్యర్థమెంత అను లెక్కలు పిల్లలే వ్రాసికొనవలెను. లెక్క తప్పినచో ఎర్రసిరా గీతతో పని తీరదు. దూది తక్కువ పడును. తప్పును చూపునది బెత్తము కాదు, త్రాసు. తాము వడికిన నూలుతో తమ బట్ట తాము సంపాదించుకొనుట అక్కడి పిల్లల గురి.

పిల్లల మంత్రివర్గము

బాధ్యత అను మాటను మన బడులలో తరచుగా విందుము. తరగతికి ఒక నాయకుని నియమింతురు. అతని పని ఏమి? మాస్టరుగారు లేనప్పుడు మాటలాడిన వారి పేర్లు పలకమీద వ్రాయుట. ఇది బాధ్యత కాదు, కావలి.

సేవాగ్రామములో వసతితో చదువుకొను పిల్లలు సభగా కూడి తమలో తామే మంత్రులను ఎన్నుకొనెడివారు. ఒకరు ఆహారమంత్రి, ఒకరు ఆరోగ్యమంత్రి, ఒకరు పారిశుద్ధ్యమంత్రి, ఇట్లు. పేర్లు పెద్దవి, పనులు అంతకంటె నిజమైనవి. ఆహారమంత్రి అనగా అందరికిని ఏమి వండవలెను, ఎంత ఖర్చగును, అందులో ఒంటికి బలమిచ్చునది ఎంత అని లెక్క వేయవలసినవాడు. వంట వంతులవారీగా పిల్లలే చేయవలెను. అంచనా తప్పినచో ఆ పూట అందరికిని కూర చాలదు. పారిశుద్ధ్యమంత్రి తానును చీపురు పట్టవలెను. మరుగుదొడ్లు బాగుచేయుట, ఆ మలమును ఎరువు చేయుట గూడ చదువులోనివే. ఏ కులమువాడైనను, ఏ ఇంటివాడైనను దానినుండి తప్పించుకొనుటకు లేదు. పదవీకాలము ముగిసినప్పుడు మంత్రి సభ ముందు నిలిచి తాను చేసినది, చేయలేకపోయినది చెప్పవలెను, తక్కినవారు ప్రశ్నింతురు.

1949 మొదలు సుమారు పదేండ్లు అక్కడ పనిచేసిన ఆంగ్ల వనిత మార్జొరీ సైక్సుగారు ఆ బడి కథను గ్రంథస్థము చేసినారు. చిత్రకారుడు, కుండల కళలో నిపుణుడు అయిన దేవీప్రసాదుగారు 1944 నుండి పిల్లలకు కళలు నేర్పినారు. వడకుట, నేయుట, సేద్యము, వంట మాత్రమే కాక పాట, బొమ్మ, పండుగ గూడ అక్కడి చదువులో ఉన్నవని చెప్పుటకు ఈ మాట వ్రాసితిమి. పని ఉన్నచోట ఆనందము ఉండదనుకొనుట పొరపాటు.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి ఉన్నది. పిల్లలకు బాధ్యత ఇచ్చుట అనగా పెద్దల పనిని వారి నెత్తిన వేయుట కాదు. మన ఇండ్లలో తెల్లవారుజామున లేచి కండెలు చుట్టి బడికి పరుగెత్తు పిల్లలు ఎందరో ఉన్నారు. వారు పని చేయుచున్నారు. కాని ఎన్ని కండెలు చుట్టవలెను, ఏ నూలు తేవలెను, కూలి ఎంత, అప్పు ఎంత అను సంగతులలో వారికి నోరు లేదు. చేతులకు పని, బుద్ధికి సెలవు. సేవాగ్రామము దీనిని తలక్రిందులు చేసినది. పనితోపాటు నిర్ణయమును, లెక్కను, జవాబుదారీని పిల్లల చేతికి ఇచ్చినది. అది లేని పని చాకిరి. అది ఉన్న పని చదువు.

ఊరు బడికి, బడి ఊరికి

పిల్లలు ఎంత చేసినను ఊరు తోడు రాకున్న బడి నిలువదు. సేవాగ్రామము బడి గోడల మధ్య ఆగిపోలేదు. పసిపిల్లల బడి తల్లులతో కలిసి నడచినది. పారిశుద్ధ్యము, ఆరోగ్యము పాఠములైనప్పుడు పిల్లలు, ఉపాధ్యాయులు ఊరిలోనికి పోవలసి వచ్చినది. పెద్దలకు చదువు చెప్పుట బడి పనిలో ఒక భాగమైనది.

ఊరి తోడు ఎంత విలువైనదో తెలిపెడు సంగతి ఒకటి ఒడిశాలో జరిగినది. అక్కడి ప్రభుత్వము మొదలుపెట్టిన మూలవిద్యా పాఠశాలలను 1941లో వదలుకొన్నది. అప్పుడు గోపబంధు చౌధురిగారు, వారితోడి కార్యకర్తలు ప్రజల అండతో ఆ పనిని కొనసాగించుటకు పూనుకొన్నారు. సర్కారు బడి అనుకొన్నచో సర్కారుతో పోవును. మన బడి అనుకొన్నచోట ఆ కష్టమును ఈదుటకు నలుగురు దిగుదురు.

ఎక్కడ దెబ్బతిన్నది

ఇంత మంచి పద్ధతి దేశమంతట ఎందుకు నిలువలేదని పాఠకులు అడుగుదురు. అడుగవలసినదే. స్వరాజ్యము వచ్చిన తరువాత ప్రభుత్వములు మూలవిద్యను ఒప్పుకొన్నవి. వేలకొలది బడులకు ఆ పేరు పెట్టినవి. 1950లలో జి. రామచంద్రన్‌గారి అధ్యక్షతన ఒక సంఘము వీనిని పరిశీలించినది గూడ. కాని చాలచోట్ల పేరు మారినది, తీరు మారలేదు. మంచి దూది లేదు, సరియైన పనిముట్లు లేవు, పని తెలిసిన ఉపాధ్యాయుడు లేడు. కొలది కాలము శిక్షణ పొందిన మాస్టరు తకిలి త్రిప్పుట చూపెను. పిల్లలు దూది పాడుచేసిరి. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు రాట్నములు బయటికి వచ్చెను. పట్టణములలో కలవారి పిల్లలు ఇంగ్లీషు బడులకు పోయిరి. మూలవిద్య బీదలకు మాత్రమే అను ముద్ర పడెను. హైస్కూలుకు, కాలేజీకి దారి లేని చదువని తలిదండ్రులు భయపడిరి. 1964-66 నాటి కొఠారీ సంఘము పేరు మార్చి పని అనుభవము అన్నది. వారమునకు ఒకటి రెండు పీరియడ్లుగా ఆ పని కుంచించుకొనిపోయినది.

మా అభిప్రాయములో ముఖ్యమైన లోపము మరియొకటి ఉన్నది. నూలుపని నేర్పవలసిన బడి ప్రక్క వీధిలోనే తరతరముల నేతవారు ఉన్నారు. వారిని పిలిచి, “మా పిల్లలకు మీరు గురువులుగా రండి” అన్న బడులు ఎన్ని? పనిని గౌరవింపవలెనని పాఠము చెప్పినారు. పనివానికి కుర్చీ వేయలేదు. మనము గూడ పిలువకున్న పోవుట ఎందుకని ఊరకుంటిమి.

మన వృత్తికి సంబంధించిన శంక ఒకటి 1937 సభలోనే లేచినది. బడి పిల్లలు చేసిన సరుకు బజారులోనికి వచ్చినచో వృత్తి పనివారికి పోటీ కాదా అని ఆచార్య కె. టి. షాగారు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. జాకిర్ హుస్సేను సంఘము గూడ రాబడి మీద దృష్టి ఎక్కువై చదువు వెనుకబడు ప్రమాదము ఉన్నదని తన నివేదికలోనే హెచ్చరించినది. మన సంఘములు ఏ బడితో చేయి కలిపినను ఈ రెండు మాటలు మరువరాదు. పిల్లల చేతిపని అమ్మకము కొరకు కాదు, అవగాహన కొరకు.

ఇది కులవిద్య కాదు

ఇక తమిళనాటి సోదరులకు వెంటనే స్ఫురించు సంగతి చెప్పవలసి ఉన్నది. 1953లో అప్పటి మద్రాసు రాష్ట్రమున రాజాజీగారి ప్రభుత్వము గ్రామములలోని ప్రాథమిక పాఠశాలలకు ఒక క్రొత్త పథకము తెచ్చినది. పిల్లలు దినమునకు మూడు గంటలు బడిలో ఉందురు; తక్కిన వేళ తలిదండ్రుల వృత్తి నేర్చుకొందురు. దీనిని ప్రజలు కులవిద్యా పథకమని పిలిచి గట్టిగా ఎదిరించినారు. 1954లో రాజాజీగారు పదవి వదలిన తరువాత కామరాజుగారి ప్రభుత్వము దానిని రద్దుచేసినది.

ప్రజలు ఎదిరించినది ఎందుకు? నేతవాని కొడుకు మగ్గము దగ్గరకు, చాకలివాని కొడుకు రేవునకు, వకీలు కొడుకు పుస్తకముల దగ్గరకు పోవునట్లు ఆ పథకము ఏర్పరచినదని. బడి బిడ్డను ముందునకు తీసికొనిపోవలసినది పోయి, పుట్టిన చోటనే కట్టివేయునని. ఆ భయము సహేతుకమైనది. పిల్లలకు పని నేర్పవలెను అను మాట ఎవరు ఎత్తినను మన పెద్దలు అనుమానముగా చూచుటకు కారణము ఇదియే.

కాని రెంటికిని భేదమున్నది. కులవిద్యలో ఎవరి బిడ్డ వారి ఇంటి పనికే పోవలెను. సేవాగ్రామములో అందరి బిడ్డలును అన్ని పనులును చేయవలెను. అక్కడ మగ్గము ఒక కులపు పిల్లలకు వేసిన శిక్ష కాదు. అన్ని కులముల పిల్లలకు పెట్టిన పాఠము. నేతవాని కొడుకే మగ్గము నేర్వవలెను అనుట ఒక మాట. తాసిల్దారు కొడుకు గూడ పడుగు పేకల సంగతి తెలిసికొనవలెను అనుట మరియొక మాట. మొదటి మాటను మనము ఒప్పుకొనరాదు. రెండవ మాటను మనమే ముందుండి అడుగవలెను. మన బిడ్డ డాక్టరు కావచ్చును, ఇంజనీరు కావచ్చును, మగ్గమే ఎంచుకొనవచ్చును. ఏది ఎంచుకొన్నను సిగ్గుతో కాక తెలివితో ఎంచుకొనవలెను.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

తాలీమీ సంఘపు పాత బడి కాలక్రమమున ఆగిపోయినది. 2005లో అదే ఆవరణలో ఆనంద నికేతనము అను పేర మరల బడి మొదలైనది. మరాఠీ మాధ్యమము. తోటపని, వంట, వడకుట, కుట్టుపని అక్కడి చదువులో భాగములు. వార్ధా మీదుగా పోవు మన సోదరులు ఒక పూట ఆగి చూచి రాదగినది.

అందరును సేవాగ్రామములు కట్టలేరు. సోలాపూరులో పద్మశాలి శిక్షణ సంస్థవలె బడులు, కళాశాలలు నడుపు శక్తి అన్ని పేటలకును లేదు. కాని ఉన్న బడితో చేయి కలుపుటకు శక్తి కంటె పూనిక ముఖ్యము. మా దృష్టికి వచ్చిన మార్గములు కొన్ని చెప్పుచున్నాము.

మొదటిది, బడి యాజమాన్య సంఘము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడులలో ఏర్పడు ఈ సంఘములలో నాల్గింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. మన అక్కచెల్లెండ్రు ఈ సంఘములలో చేరవలెను. రెక్కాడితే గాని డొక్కాడని ఇండ్లలో సభకు పోవుటకు తీరిక లేదన్నది నిజమే. అందుకే వంతు వేసికొని పోవుట మంచిది.

రెండవది, మగ్గపు దినములు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది దినములుండవలెనని, ఆ దినములలో వారు స్థానికపు పనివారి దగ్గర పని నేర్వవలెనని చెప్పినది. అన్ని రాష్ట్రములు ఈ విధానమును ఒకే తీరున స్వీకరింపలేదు. అయినను ప్రధానోపాధ్యాయుని కలిసి, “మా పేటకు పిల్లలను పంపుడు, మగ్గము మేము చూపెదము” అని అడుగుటకు అడ్డమేమి? 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆ దినముతో మొదలుపెట్టవచ్చును. ఒక మాట మాత్రము తప్పనిసరి. పిల్లలకు పని చూపు నేతవాడు ఆ పూట కూలి పోగొట్టుకొనరాదు. బడి ఇయ్యలేకున్న సంఘము నిధి నుండి ఇయ్యవలెను. గురువును పస్తు పెట్టి గౌరవించుట గౌరవము కాదు.

మూడవది, పిల్లలకు లెక్క అప్పగించుట. సంఘ భవనములో గ్రంథాలయము, సాయంకాలపు ట్యూషను ఉన్న పేటలలో వాని నిర్వహణను ఒక ఏడాది పిల్లలకే ఇచ్చి చూడవలెను. ఎవరు తాళము తీయవలెను, ఏ పుస్తకములు కొనవలెను, ఎంత ఖర్చైనది అను లెక్కలు వారే వ్రాసి, మూడు మాసములకొకసారి పెద్దల సభలో చదివి వినిపించవలెను. పదమూడేండ్ల బాలిక లేచి జమాఖర్చులు చదువుచుండగా విన్న పెద్దలు తమ సంఘపు లెక్కలు గూడ అంత శుభ్రముగా ఉండవలెనని తలపోసినచో అది మరియొక లాభము.

నాల్గవది, మాటల పుస్తకము. యానాములో ఊరి భాష తెలుగే గనుక చిక్కు తక్కువ. తక్కిన చోట్ల మన పిల్లలు బడిలో కన్నడము, తమిళము, మరాఠీ, ఒడియా చదువుదురు. మగ్గము దగ్గరి మాటలు మాత్రము తెలుగువి. మన పడుగు పేకలను కన్నడిగులు హాసు హొక్కు అందురు, తమిళులు పావు ఊడై అందురు, మరాఠీవారు తాణా బాణా అందురు. ఒడియా మాటలు బరంపురము పిల్లలు చెప్పవలెను. అవ్వల దగ్గర కూర్చుండి ఆసు, కండె, నాడె మొదలు ప్రతి వస్తువు పేరును, పనిని వ్రాసి, ప్రక్కన బడి భాషలోని మాట చేర్చినచో అది అన్ని ఊళ్ల పిల్లలు కలిసి చేసిన పుస్తకమగును. ఇంటి భాషకు బడిలో చోటు దొరకుటకు ఇది సులభమైన దారి.

ఐదవది, వేళ పాటించుట. 2016లో సవరించిన బాలకార్మిక చట్టము 14 ఏండ్ల లోపువారిని పనిలో పెట్టుకొనుటను నిషేధించినది. ఇంటి వృత్తిలో సాయము చేయుటకు మాత్రము, అదియు అపాయము లేని పనిలో, బడి వేళ తరువాతనో, సెలవులలోనో, వీలున్నది. చట్టము ఇచ్చిన వీలును సాకుగా తీసికొని బిడ్డ నిద్రను, ఆటను దోచుకొనరాదు. బడి ముందు కండెలు వద్దు. ఈ ఒక్క నియమము పేట మొత్తము పాటించినచో బడిలో మన పిల్లలు నిద్రపోవుట చాలవరకు తగ్గును.

ఇక చదువు మధ్యలో మానివేసిన యువకులున్నారు. 2016లో జౌళి మంత్రిత్వశాఖ జాతీయ సార్వత్రిక విద్యాపీఠముతోను, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయముతోను ఒప్పందములు చేసికొన్నది. నేత కుటుంబములలోని స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుములో 75 శాతము తిరిగి ఇచ్చు ఏర్పాటు అందులో ఉన్నది. దరఖాస్తు వివరములు దగ్గరి నేతగాండ్ర సేవాకేంద్రములో విచారింపవచ్చును. సేలములో 1960లో స్థాపించిన చేనేత సాంకేతిక సంస్థ, ఒడిశాలో బర్గఢ్ సంస్థ, వేంకటగిరిలో ప్రగడ కోటయ్యగారి పేర నున్న సంస్థ మూడేండ్ల డిప్లొమా చదువు చెప్పుచున్నవి. తండ్రి వద్ద నేర్చిన చేతికి ఈ చదువు తోడైనచో మన బిడ్డ ఒకరి వద్ద కూలికి పోవలసిన అవసరము ఉండదు.

పడుగు ఒక్కటే ఉన్న బట్ట కాదు. పేక ఒక్కటే ఉన్నను బట్ట కాదు. పిల్లల బాధ్యత పడుగు. పేట ఇచ్చు తోడు పేక. సేవాగ్రామమున ఈ రెండును కలిసినన్నాళ్లు చదువు నిలిచినది. మూలవిద్య పేరు పెట్టుకొని ఈ రెంటిని విడదీసిన బడులలో అది చెడిపోయినది. ప్రతి శాఖా సంఘము వచ్చు సర్వసభ్య సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టి, తమ పేట బడికి ఇద్దరు నేతవారిని, యాజమాన్య సంఘమునకు ఇద్దరు స్త్రీలను, గ్రంథాలయమునకు ఇద్దరు పిల్లలను నిర్ణయింపవలెనని కోరుచున్నాము. చేసిన పనిని మాకు వ్రాసి పంపినచో ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము.